గట్టు మీద నిలబడేవారికి సూచన

మా అక్క ముప్పై ఒక్క ఏళ్ళు బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ వెనక కూర్చుంది. ఆ కిటికీకి రెండు చేతులు పట్టేంత కన్నం. అందులోంచి రోజుకు మూడు నాలుగు వందల మంది అడిగిందే అడిగేవాళ్ళు. బస్సు ఎన్నింటికి, ఎక్కడ ఆగుతుంది, మరుగుదొడ్డి ఎటు. ఎదురు గోడ మీద అరచేయంత అక్షరాలతో రాసి ఉన్నా సరే, అడగాల్సిందే. అలా అడిగించుకుని అడిగించుకుని ఆవిడకు ఒక జబ్బు పట్టుకుంది. మనిషి నోరు తెరవకముందే ఏం అడగబోతున్నాడో తెలిసిపోయేది. ఇంటికొచ్చిన చుట్టాన్ని కూర్చోమనడానికి ముందే "చెప్పులు ఎడమ పక్కన, మంచినీళ్ళు కిటికీ దగ్గర, ఫ్యాను స్విచ్చు పైనుంచి రెండోది" అని చెప్పేసేది. నేను ఆవిడ చెల్లెల్ని. పక్క వీధిలో బట్టలు కుట్టే దుకాణం నాది. నలభై ఏళ్ళుగా రోజూ వెళ్తున్నా నాక్కూడా ఇప్పటికీ అదే మర్యాద.

మా ఊళ్ళో ఏటా మోటారుసైకిళ్ళ ర్యాలీ జరుగుతుంది. శనివారం మైదానంలో బళ్ళ ప్రదర్శన, ఆదివారం కొండ దారిలో పరుగు. దాన్ని మొదలుపెట్టిన నలుగురిలో మా బావ ఒకరు. మొదటి ఏడాది జనం ఎటు పడితే అటు తిరిగారు. బళ్ళు నిలిపే చోట మనుషులు, మనుషులు నిలబడే చోట బళ్ళు. బావ బతిమాలితే అక్క గేటు దగ్గర ఒక బల్ల వేసుకుని కూర్చుంది. వచ్చిన ప్రతి ప్రశ్ననూ ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. రెండో ఏడాదికి ఆ ప్రశ్నలన్నీ పిండి పద్నాలుగు సూచనలు తీసి, పసుపు కాగితం మీద అచ్చు వేయించి, టికెట్టుతో పాటు చేతికిచ్చింది.

ఆ కాగితం అంటే ఊరికి అంత గురి. గేటు ఎనిమిదింటికి తీస్తారు. బళ్ళు మార్కెట్టు వెనక ఖాళీ స్థలంలో నిలపాలి, తాళం తీసుకున్నాక రెండుసార్లు లాగి చూసుకోవాలి. చెవుల్లోకి దూది తెచ్చుకోండి. మెడలో వేలాడే గుడ్డల్ని లోపలికి దోపుకోండి. పిల్లల్ని వేలు పట్టుకుని కాదు, మణికట్టు పట్టుకుని నడిపించండి. ఆగి ఉన్న బండి చల్లగా ఉందనుకుని సైలెన్సరు ముట్టుకోవద్దు. రోడ్డు పక్కన గొడుగు తెరవద్దు. ఏటా ఆ కాగితానికి ఒకే ఒక్క సూచన చేరేది. ఆ ఏడాది ర్యాలీలో ఏ తప్పు జరిగిందో, వచ్చే ఏడాది సూచన అదే. ఎవరి పిక్క కాలిందో, ఎవరి గొడుగు ఎగిరిందో ఆ కాగితం చదివితే నాకు వరసగా గుర్తొస్తుంది. పద్నాలుగుతో మొదలై పోయినేడాదికి ముప్పై రెండయ్యాయి.

వాటిలో పదిహేడోది చెప్పాలి. అయిదో ఏడు చేరింది. అంతకుముందు ఏడు రోడ్డుకి అవతల నిలబడ్డ తండ్రి ఇవతలున్న ఆరేళ్ళ కూతుర్ని "ఇలా రా తల్లీ" అని పిలిచాడు. ఆ పిల్ల పరిగెత్తింది. ప్రాణం దక్కింది గానీ ఇప్పటికీ కాలు ఈడుస్తూ నడుస్తుంది, మందుల దుకాణంలో లెక్కలు రాస్తోంది. ఆ ఏడాది అక్క వారం రోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాత ఇలా రాసింది: "పరుగు జరిగేటప్పుడు హారను మోగేదాకా మీ చోటు వదలకండి. ఎవరు పిలిచినా, అమ్మ పిలిచినా, నాన్న పిలిచినా కదలకండి." ఈ ఒక్క సూచనను మిగతా వాటికంటే లావు అక్షరాల్లో వేయించింది. ఊళ్ళో పిల్లలకు అది నోటికి వచ్చు. బడిలో పద్యం రాదు గానీ ఇది వచ్చు.

ఇంకొకటి పదకొండోది. "చంటిపిల్లలతో వచ్చినవారు మలుపు దగ్గరి గట్టు మీద కూర్చోండి. అక్కడ ప్రమాదం లేదు."

ఆ గట్టు సంగతి తెలియాలి మీకు. కొండ మీంచి దిగే రోడ్డు తిన్నగా వచ్చి వచ్చి, ఒక్కసారిగా కుడికి తిరిగి మైదానం వైపు పోతుంది. ఆ తిరిగేచోట, దిగే రోడ్డుకి సరిగ్గా ఎదురుగా, నడుమెత్తున గడ్డి గట్టు ఉంది. పరుగు ఎప్పుడూ మైదానం నుంచి కొండకే. బండి గట్టు పక్కగా వచ్చి, ఎడమకు తిరిగి, గట్టుకు వీపు పెట్టి కొండెక్కిపోయేది. మలుపులో అదుపు తప్పినా ఎదుటి తుప్పల్లో పడాలి తప్ప గట్టు మీదికి వచ్చే దారే లేదు. అందుకే పసిపిల్లల తల్లులకు అక్క ఆ చోటు రాసిచ్చింది.

అచ్చుకు ఇచ్చే ముందు అక్కకు ఒక అలవాటు ఉండేది. కాగితం చేత పట్టుకుని గేటు నుంచి మొదలుపెట్టి, ఏ సూచన ఎక్కడిదో అక్కడ ఆగి, దాన్ని పైకి చదివి, చుట్టూ చూసి, సరిపోతేనే ముందుకు కదిలేది. దాన్ని ఆవిడ "కాగితాన్ని నడిపించి రావడం" అనేది. నన్ను కూడా లాక్కుపోయేది. ఎండలో నిలబడి "కుడి పక్కన నీళ్ళ ట్యాంకు ఉంది" అని గట్టిగా చదివి, ట్యాంకు వైపు చూసి తలూపే మనిషి పక్కన నిలబడటం ఎంత నామోషీయో మీకు తెలీదు.

పోయినేడాది ర్యాలీకి నెల ముందు అక్కకు మోకాలి ఆపరేషను అయింది. కాగితం నడవలేదు. అక్క కమిటీ కార్యదర్శికి ఫోను చేసి "బాబూ, ఈసారి ఏమైనా మారిందా?" అని అడిగింది. "ఏం మారలేదక్కయ్యా. గేటు, పార్కింగు, నీళ్ళు అన్నీ ఎక్కడివక్కడే. పాతదే వేయించెయ్యండి," అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. చూడవచ్చేవాళ్ళకు సంబంధించి ఏదీ మారలేదు మరి. మారిందల్లా నడిపేవాళ్ళ కాగితంలో. అది తెల్ల కాగితం, దాన్ని రాసేది కార్యదర్శి. ఎక్కే బళ్ళకంటే దిగే బళ్ళు చూడటానికి బాగుంటాయని, ఆ ఏడాది పరుగును తిప్పి కొండ మీంచి మొదలుపెట్టారు.

మా బావకు ఆ మాట తెలుసు. కొండ దారి మధ్యలో జెండా పట్టుకుని నిలబడేది ఆయనే కదా. కానీ మా అక్కా బావా ఇంట్లో ర్యాలీ మాట ఎత్తరు. ఒకప్పుడు భోజనాల దగ్గర ఆయన "నీ సూచనలు చదివేసరికి పరుగు అయిపోతుంది" అన్నారట. దాంతో మూడు వారాలు మాటల్లేవు. అప్పట్నుంచీ ఒప్పందం, కాగితం ఆవిడది, జెండా ఆయనది, ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు. పోనీ నాకు తెలీదా అంటే, ఆ తెల్ల కాగితం మూడు వారాలు నా దుకాణంలోనే ఉంది. బళ్ళకు కట్టే అంకెల గుడ్డలు కుట్టేది నేనే. ఎన్ని గుడ్డలో చూసుకుని, కాగితం మీద కత్తెర పెట్టాను. నా కళ్ళు అంకెలు చూశాయి, మాటలు చూడలేదు. ఈ మాట తల్చుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఆదివారం ఉదయం పదింటికి అక్కను తీసుకొచ్చి నా దుకాణంలో కూర్చోబెట్టాను. కాలు చాపి స్టూలు మీద పెట్టుకుంది. చదవడానికి ఏదీ దొరక్కపోతే అగ్గిపెట్టె మీది అక్షరాలు చదివే మనిషి. కత్తెర కింది కాగితం లాగింది.

"ఏమే, పరుగు కొండ మీంచి మొదలవుతుందా?"

"అలా రాసుంటే అలాగే."

"ఎగతాళి కాదు. ఎన్నింటికి?"

"పదకొండింటికి. నీ కాగితంలోనే ఉందిగా."

అక్క నా చేతిలో సుద్ద లాక్కుని గుడ్డలు కత్తిరించే బల్ల మీద రోడ్డు గీసింది. తిన్నగా ఒక గీత, చివర కుడికి మలుపు. గీతకు ఎదురుగా సూదులు గుచ్చే దిండు పెట్టింది. తర్వాత కత్తెర తీసుకుని గీత పొడుగునా తోసింది. కత్తెర మలుపు తిరగలేదు. తిన్నగా వెళ్ళి దిండుకు తగిలింది.

"గట్టు మీద ఎవరున్నారే?" అంది.

 నా కూతురు పొద్దున్నే పది నెలల పిల్లతో వెళ్ళింది. పిల్లతో వెళ్ళింది కాబట్టి పదకొండో సూచన ప్రకారం ఎక్కడ కూర్చుంటుందో అడగక్కర్లేదు.

ఫోన్లు చేశాం. కార్యదర్శి ఎత్తలేదు, మైకుల హోరులో వినబడి ఉండదు. బావ ఫోను కింద గదిలో పెట్టి కొండెక్కుతారు, జెండా మనుషుల దగ్గర ఫోను ఉండకూడదని తెల్ల కాగితంలో ఉంది. నా కూతురి ఫోను మోగి మోగి ఆగింది. గట్టు మీద ఫోను సంచిలో పెట్టుకోవాలని అక్కే రాసింది, తొమ్మిదో సూచన.

దుకాణానికి తాళం కూడా వెయ్యలేదు. అక్కను స్కూటరు వెనక కూర్చోబెట్టాను. కట్టుకట్టిన కాలు కర్రలా ముందుకు చాపి, ఒళ్ళో నా మడత కుర్చీ పెట్టుకుంది. "కుర్చీ ఎందుకే ఇప్పుడు?" అని కసిరాను. "నిలబడలేను కదే," అంది. అంత భయంలోనూ ఆవిడకు లెక్క తప్పలేదు. దారి పొడుగునా జనం మమ్మల్ని చూసి నవ్వారు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ నవ్వేదాన్నే.

మలుపు దగ్గరికి చేరేసరికి పదకొండుకు పది నిమిషాలు. గట్టు నిండిపోయి ఉంది. ఎటు చూసినా పసిపిల్లలు. పాల సీసాలు, గిలకలు, ఒళ్ళో నిద్రపోయేవాళ్ళు కొందరు. అందరి చేతుల్లోనూ పసుపు కాగితం. నా కూతురు మధ్య వరసలో ఉంది. జనం రోడ్డెక్కకుండా కట్టిన తాడు దగ్గర నిలబడి అక్క గొంతు చించుకుని అరిచింది.

"దిగండి! అందరూ దిగండి! ఇక్కడ ఉండకూడదు!"

ఒక్కరూ కదలలేదు. చీమ కుట్టినట్టైనా లేదు. ముందు వరసలో ఒకావిడ కాగితం పైకెత్తి, వేలు పెట్టి చూపించింది. "పదిహేడోది చూడండక్కా. ఎవరు పిలిచినా కదలొద్దని మీరే రాశారుగా," అంది నవ్వుతూ. పక్కనున్న నాలుగేళ్ళ పిల్ల అందుకుంది. "అమ్మ పిలిచినా, నాన్న పిలిచినా కదలకండి." వెనక పిల్లలంతా శ్రుతి కలిపారు. అక్క తమను పరీక్షిస్తోందనుకున్నారు.

"ఆ రాసింది నేనే! ఇప్పుడు దిగమంటున్నదీ నేనే!" అని అక్క నెత్తీ నోరూ కొట్టుకుంది.

నేను నా కూతుర్ని పిలిచాను. అది నాకేసి కళ్ళురిమింది. "అమ్మా, అందరూ చూస్తున్నారు. హారను మోగనీ, వచ్చేస్తా," అంది. దాని ఒళ్ళో పిల్ల నన్ను చూసి చేతులు చాపింది. ఆ చిన్న చేతులు నేను చచ్చేదాకా మరిచిపోను. తోసుకుంటూ వెళ్దామని కాలు ఎత్తితే తాడు కాపలావాడు అడ్డుపడ్డాడు. తల తిప్పేసరికి అక్క నా పక్కన లేదు.

తాడు కింద నుంచి దూరి, కుర్చీని ఊతకర్రలా నేలకి పొడుచుకుంటూ రోడ్డు మీదికి వెళ్ళిపోతోంది. కొండ వైపు ఇరవై అడుగులు ఎక్కి, నడిరోడ్డు మీద కుర్చీ వేసుకుని కూర్చుంది. కాగితంలో ఒకటో సూచన ఏమిటో తెలుసా? "పరుగు రోజు రోడ్డు మీదికి దిగినవారిని ఇక ఎన్నడూ ర్యాలీకి రానివ్వరు."

పైన మొదటి బండి రంకె వేసింది. తర్వాత ఇంకొకటి.  కొండ మధ్యలో బావ నిలబడ్డ చోటు చీమంత కనిపిస్తోంది. ఆయన చూడాలి, చూసినా తన పెళ్ళామని గుర్తుపట్టి కొయ్యబారిపోకుండా చెయ్యి ఎత్తాలి. ఎంతసేపు గడిచిందో నాకు తెలీదు. ఎర్ర జెండా లేచింది. శబ్దం ఆగింది.

అప్పుడు దిగారు గట్టు మీంచి. అక్క చెప్తే దిగని వాళ్ళు అక్కను రోడ్డు మీంచి లాగడానికి దిగారు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకున్నారు. కార్యదర్శి నిప్పులు చెరుగుతూ వచ్చాడు.

"ఏంటక్కయ్యా ఇది? మీకు మతిపోయిందా?"

"గట్టు మీద ఒక్క ప్రాణి లేకుండా చెయ్యి. అప్పుడు లేస్తా."

"పద్దెనిమిదేళ్ళుగా అక్కడే కూర్చుంటున్నారు!"

"బళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో చూడు బాబూ. ఒకసారి ఈ కుర్చీలో కూర్చుని చూడు."

అతను చూడలేదు. కానీ బళ్ళు ఆగి ఉన్నాయి, జనం అరుస్తున్నారు, వేరే దారి లేక గట్టు ఖాళీ చేయించాడు. నా కూతురు ఏడుపు మొహంతో దిగి వచ్చింది. భయంతో కాదు, నలుగురిలో పరువు పోయిందని. నేను పిల్లను లాక్కుని గుండెకు అదుముకున్నాను.

నలభై రెండు బళ్ళు దిగాయి. దిగిన ప్రతి బండీ చక్కగా మలుపు తిరిగింది. ఖాళీ గట్టు ఖాళీగానే ఉండిపోయింది. నిజం చెప్తాను, సిగ్గుపడుతూనే చెప్తాను. ఒక్కటైనా తిరగకుండా వెళ్ళి ఆ గట్టుకు కొట్టుకుంటే బాగుండునని ప్రతి బండికీ కోరుకున్నాను. నడిపేవాడు ఒక తల్లి బిడ్డే అని తెలిసి కూడా. ముప్పయ్యో బండి ఒక్కటి వెనక చక్రం జారి, గడ్డిలోకి దూసుకొచ్చి, ఎలాగో నిలదొక్కుకుని పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. అయిపోయాక అక్క నా మెడలో టేపు తీసుకుని, నేల మీద చతికిలబడి చక్రం గీత కొలిచింది. గీత ఆగిన చోటు నుంచి గట్టుకు నాలుగడుగులు. కార్యదర్శికి చూపించింది.

"ఆగింది కదక్కయ్యా," అన్నాడు. "నాలుగడుగుల ముందే ఆగింది కదా."

 ముప్పై ఒక్క ఏళ్ళు ప్రతి ప్రశ్నకూ జవాబిచ్చిన మనిషి టేపు చుట్టి నా చేతికిచ్చి, కుర్చీ అందుకుంది.

ఒకటో సూచన ప్రకారం ఆవిడను ర్యాలీ నుంచి వెలివేశారు. పెళ్ళాం కోసం పరుగు ఆపాడని బావ చేతిలో జెండా తీసేసుకున్నారు. ఊరు ఏడాదంతా నవ్వింది. ఏమీ జరగకపోవడం అంత పెద్ద తప్పని నాకప్పుడే తెలిసింది. అక్క కమిటీకి మూడు ఉత్తరాలు రాసింది, జవాబు లేదు. పోలీస్‌స్టేషనుకు వెళ్తే అక్కడి పెద్దాయన కుర్చీ వేయించి, టీ ఇప్పించి, "పోయినసారి ఎవరికైనా దెబ్బ తగిలిందామ్మా?" అని అడిగాడు. లేదని చెప్పాల్సి వచ్చింది.

ఈ వారం కొత్త కాగితం వచ్చింది. అదే పసుపు, అవే అక్షరాలు. నా కూతురికి నేను ముందే చెప్పేశాను, ఈసారి గడప దాటితే ఊరుకోనని. కానీ ఊళ్ళో మిగతా కూతుళ్ళకు చెప్పడానికి నేనెవర్ని? పరుగు ఈసారి కూడా కొండ మీంచే. బళ్ళు ఎదురుగా వస్తుంటే భలే ఉందని జనం అడిగారట. పదకొండో సూచన అలాగే ఉంది. పదిహేడోది అలాగే ఉంది. ఏటా ఒకటి చేర్చే ఆచారం కూడా వాళ్ళు మర్చిపోలేదు. ముప్పై మూడోది మా అక్క పుణ్యాన చేరింది.

"గట్టు క్షేమమైన చోటు. ఎవరైనా వచ్చి దిగమని భయపెట్టినా దిగకండి. పిల్లల్ని గట్టిగా పట్టుకుని కూర్చోండి."

అక్క దాన్ని నా దుకాణంలోనే చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. "వాక్యం బాగానే రాశాడు," అంది. 

కాసేపటికి బావ వచ్చారు. ఇన్నేళ్ళ ఒప్పందం పక్కన పెట్టి, ఆయనే ర్యాలీ మాట ఎత్తారు. జెండా మనిషిని కొండ మధ్య నుంచి తీసేసి మైదానం చివర పెట్టారట. అక్కణ్ణించి మలుపు కనబడదు. రోడ్డుకి అడ్డంగా ఎవరున్నారో పైవాళ్ళకు చెప్పే మనిషే లేడు ఇప్పుడు.

"నేను పాత చోటుకే పోతా. తుప్పల్లోంచి దారి ఉంది," అన్నారు బావ, అక్క వైపు చూడకుండా. తర్వాత నాతో, "మరదలా, ఎర్ర గుడ్డ ఉందా?" అన్నారు.

"అంత దూరంలో చేతి జెండా చూసి ఆగుతారా బావా? మీరు కమిటీ మనిషి కాదు కదా ఇప్పుడు," అన్నాను.

 అక్క అందుకుంది. "నా కుర్చీ ఎక్కడ పెట్టావే?"

తిడదామనుకున్నాను. నీకేం ఖర్మ, నిన్ను చూసి నవ్విన వాళ్ళ పిల్లల కోసం నీకెందుకు, అని నోటిదాకా వచ్చింది.  కుర్చీ తలుపు వెనక ఉంది. దాని పక్కనే ఇంకోటి ఉంది, కొలతలకు వచ్చినవాళ్ళు కూర్చునేది. రెండూ దుమ్ము దులిపి స్కూటరు దగ్గర ఆనించాను. రెండోది ఎవరికని అక్క అడగలేదు.

ఎర్ర గుడ్డ మీటరున్నర మిగిలి ఉంది. అంచులు గాలికి చిరగకుండా రెండు వరసలు కుట్టేస్తున్నాను. ఇవాళ శుక్రవారం. పరుగు ఆదివారం పదకొండింటికి.